మెటల్ డిటెక్టర్ కొంటున్నారా? అమ్మితే ఎంత వస్తుందో కూడా ఇప్పుడే లెక్క వేసుకోండి

నేలలో నాణేలు, పాత వస్తువులు వెతికే ఈ హాబీలోకి వచ్చిన కొత్తలో నేను ఒక పెద్ద మోడల్‌ని, అది విడుదలైన నెలలోనే, పూర్తి ధర పెట్టి కొన్నాను. పద్నాలుగు నెలలు తిరిగేసరికి అదే కంపెనీ దాని తర్వాతి మోడల్‌ని ప్రకటించింది. ఆ వారంలోనే అమ్మకందారులు పాత సరుకును బాగా తగ్గించి వదిలించుకోవడం మొదలుపెట్టారు. నాది అమ్మకానికి పెడితే పెట్టిన డబ్బులో సగం కూడా రాలేదు. మెషీన్‌లో లోపం లేదు. ముందు రోజు ఎంత బాగా పనిచేసిందో ఆ రోజూ అంతే బాగా పనిచేసింది.

ఆ తర్వాతిది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మూడేళ్లు వాడి, కొన్న ధరకు కాస్త తక్కువలో అమ్మేశాను. అప్పటినుంచి ఎవరు ఏ డిటెక్టర్ కొనాలని అడిగినా ముందు ఈ లెక్కే చెబుతున్నాను. బిల్లు మీదున్న అంకె అసలు ఖర్చు కాదు. అందులోంచి రేపు అమ్మితే వచ్చే డబ్బు తీసేయగా మిగిలేదే మీ ఖర్చు. అలా చూస్తే ఖరీదనుకున్నవి కొన్ని చవకగా తేలతాయి, చవకనుకున్నవి కొన్ని బరువవుతాయి.

ధరలు ఎక్కడ పెరిగాయి?

అన్ని మెషీన్ల ధరలూ ఒకేలా పెరగలేదు. పెరుగుదల ఎక్కువగా పై శ్రేణిలోనే ఉంది. ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ 2018లో ఎక్వినాక్స్ 600, 800 మోడళ్లను మార్కెట్లోకి తెచ్చింది. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలతో నేలను చదివే మల్టీ ఫ్రీక్వెన్సీ పద్ధతి అంతకుముందు ఎక్కువగా పెద్ద మోడళ్లకే పరిమితం. దాన్ని మధ్యతరగతి కొనగలిగే ధరకు దించింది ఈ జంటే. వాటి తర్వాత వచ్చిన ఎక్వినాక్స్ 900 ధర 800 కంటే పైకి వెళ్లింది, మాంటికోర్ ధర ఇంకా పైకి వెళ్లింది. ఫ్రాన్స్‌లోని ఎక్స్‌పీ 2021లో ప్రకటించిన డ్యూస్ 2 కూడా ఆ పై మెట్టు మీదే ఉంది.

కారణాలు తెలిసినవే. 2020 తర్వాత చిప్‌ల కొరత వచ్చింది, ఓడ రవాణా ఖర్చులు ఎగబాకాయి. అదే సమయంలో ఆరుబయట ఒంటరిగా చేసుకునే హాబీల వైపు జనం ఎక్కువగా మళ్లారు. పైగా ఇప్పటి మెషీన్లో ఒకప్పుడు లేని వస్తువులు చాలా ఉంటాయి: లిథియం బ్యాటరీ, వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు, కార్బన్ షాఫ్ట్ (చేత్తో పట్టుకునే కర్ర), నీళ్లలో మునిగినా తట్టుకునే బాడీ. డ్యూస్ 2ని 20 మీటర్ల లోతు నీటిలోకి కూడా తీసుకెళ్లవచ్చు. మీరు వెళ్లేది పొడి పొలాలకే అయినా ఆ సీలింగ్ ఖర్చు మీరూ కట్టాల్సిందే.

కింది శ్రేణిలో కథ దీనికి వ్యతిరేకం. 2019లో మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ శ్రేణి వచ్చి, మల్టీ ఫ్రీక్వెన్సీని మొదటిసారి కొనేవాళ్ల చేతికి అందించింది. అదే ఏడాది చివర్లో టర్కీ కంపెనీ నోక్టా తెచ్చిన సింప్లెక్స్ ప్లస్ సింగిల్ ఫ్రీక్వెన్సీదే అయినా, వాటర్‌ప్రూఫ్ బాడీని చిన్న ధరకు ఇచ్చింది. 2022లో నోక్టా లెజెండ్ రావడంతో ఎక్వినాక్స్ 800కి గట్టి పోటీ తగిలింది. కాబట్టి ధరలు మండిపోతున్నాయని మొత్తంగా నిరుత్సాహపడక్కర్లేదు. మండేది పైన. మధ్యలోనూ కిందా అదే డబ్బుకు దొరికే సరుకు ముందుకంటే మెరుగైంది.

ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ లోతు వస్తుందా?

కొత్తగా కొనేవాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. దీని జవాబు తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది.

కాయిల్ (షాఫ్ట్ చివర నేలకు దగ్గరగా ఊపే గుండ్రటి పళ్లెం) నుంచి బయల్దేరిన అయస్కాంత క్షేత్రం, కాయిల్ వ్యాసార్థాన్ని దాటాక, దూరం పెరిగేకొద్దీ ఘనం లెక్కన బలహీనపడుతుంది. నేలలోని నాణెం తిరిగి పంపే స్పందన కూడా అలాగే పడిపోతుంది. రెండూ కలిస్తే చిన్న వస్తువు సిగ్నల్ దూరపు ఆరో ఘాతం ప్రకారం తగ్గుతుంది. అంటే లోతు రెండింతలైతే కాయిల్‌కి చేరే సిగ్నల్ 64వ వంతే. రెట్టింపు డబ్బు పెట్టి రెట్టింపు లోతు కొనడం ఏ కంపెనీ మెషీన్‌తోనూ కుదరదు. మంచి మధ్య శ్రేణి మెషీన్‌కీ పెద్ద మోడల్‌కీ మధ్య, మామూలు నేలలో నాణెం అందే లోతులో తేడా కొద్ది సెంటీమీటర్లే.

మరి ఎక్కువ డబ్బు ఎక్కడికి పోతుంది? చెత్త ఇనుము మధ్యలో పడున్న మంచి వస్తువును విడదీసి చెప్పడానికి, ఉప్పునీటి తడి ఇసుకలో అరవకుండా ఉండటానికి, ఖనిజాలెక్కువున్న ఎర్రనేలలో నిలకడగా పనిచేయడానికి, చేతికి బరువు తగ్గడానికి. ఇవన్నీ నిజమైన లాభాలే, అయితే అందరికీ అవసరమైనవి కావు. తడి ఇసుకలో తిరగనివాళ్లకు, మేకులు నిండిన పాత ఇళ్ల స్థలాల్లో వెతకనివాళ్లకు పై శ్రేణి ధరలో పెద్ద భాగం వృథా. ఈ ప్రశ్న తేల్చుకోకుండా మోడళ్లు పోల్చుకుంటూ కూర్చోవడం వల్ల టెన్షన్ తప్ప ఏమీ రాదు.

అయిదు దారులు, ఒక్కోదాని అసలు ఖర్చు

లెక్క సులువుగా ఉండటానికి పెద్ద మోడల్ కొత్త ధరను 100 అనుకుందాం. కింది అంకెలు పోలిక కోసం నేను అనుకున్నవి మాత్రమే. మీరు కొనేచోట నడుస్తున్న ధరలు వాటి స్థానంలో పెట్టి చూసుకోండి.

కొత్త పెద్ద మోడల్‌ని విడుదలైన వెంటనే కొనడం మొదటి దారి. 100 పెడతారు. పెట్టె తెరిచిన రోజే అది సెకండ్ హ్యాండ్. రెండేళ్ల తర్వాత 60 వస్తే పోయింది 40. ఈలోగా తర్వాతి మోడల్ వస్తే 50కి కూడా దిగవచ్చు. చాలా బ్రాండ్లు తమ అమ్మకందారులు ప్రకటించే కనీస ధరను కట్టడిలో ఉంచుతాయి. అందుకే కొత్త మెషీన్ ధర నెలల తరబడి కదలదు, కొత్త తరం ప్రకటించగానే ఒక్కసారిగా జారుతుంది. కొత్తదే తక్కువకు దొరుకుతుంటే మీ పాతదానికి ఎవరూ ముందటి ధర ఇవ్వరు. వారానికి రెండు మూడుసార్లు బయటికి వెళ్తూ, కష్టమైన చోట్ల వెతికేవాళ్లకు ఈ 40 నష్టం పెద్దది కాదు, గంటల మీద పంచితే చిన్నదైపోతుంది. నెలకోసారి వెళ్లేవాళ్లకు మాత్రం నేను ఈ దారి చెప్పను.

రెండోది, ఒక తరం పాతదైన పెద్ద మోడల్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొనడం. 50కి కొని, రెండేళ్లు వాడి, 40కి అమ్మితే పోయేది 10. మొదటి పెద్ద పతనాన్ని అసలు యజమాని భరించేశాడు కాబట్టి ఇక్కడినుంచి ధర మెల్లగా దిగుతుంది. డ్యూస్ మొదటి తరాన్ని తీసుకోండి. అది 2010 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందుకుంటూ ఐదో వెర్షన్ దాకా వెళ్లింది. పాత యజమాని చేతిలోనే మెషీన్ కొత్తదవుతూ వచ్చింది, అందుకే దానికి అడిగేవాళ్లు తగ్గలేదు. ఎక్వినాక్స్ 600, 800 జంటలో కూడా ఒక తేడా గమనించాలి. బాడీ ఒకటే, కానీ 800లో బంగారం మోడ్, 20, 40 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలు అదనంగా ఉంటాయి. నేను చూసినంతలో రెండూ అమ్మకానికి వస్తే 800 ముందుగా పోతుంది. ఒకే శ్రేణిలో పై మోడల్‌కి పెట్టిన అదనపు డబ్బులో చాలావరకు అమ్మేటప్పుడు తిరిగొస్తుంది. నా ఓటు ఎక్కువమందికి ఈ రెండో దారికే. షరతు ఒక్కటే: చూసి, పరీక్షించి కొనగలగాలి.

మూడోది, కొత్త మధ్య శ్రేణి లేదా మొదటి శ్రేణి మల్టీ ఫ్రీక్వెన్సీ మెషీన్. 35 పెట్టి కొని 20కి అమ్మితే పోయేది 15. రెండో దారి కంటే కాస్త ఎక్కువే పోయినా, ఆ డబ్బుకు వారంటీ, కొత్త బ్యాటరీ, మనశ్శాంతి వస్తాయి. ఎలక్ట్రానిక్స్ పరీక్షించడం తెలియనివాళ్లు, దగ్గర్లో చూపించుకోవడానికి ఎవరూ లేనివాళ్లు నిశ్చింతగా ఇటు వెళ్లొచ్చు. ఈ హాబీ తమకు సరిపడుతుందో లేదో ఇంకా తెలియనివాళ్లకు కూడా ఇదే మేలు. మొదటి మెషీన్‌తో సిగ్నళ్ల శబ్దాలు చెవికి అలవాటు కావడానికే 50, 60 గంటలు పడుతుంది. ఆ గంటలు ఎంత ఖరీదైన మెషీన్‌తోనైనా గడపాల్సిందే.

బొమ్మల్లాంటి మరీ చవక మెషీన్ల గురించి ఒక్క మాట. 5 పెట్టి కొంటే 5 పోతుంది, ఎందుకంటే వాటిని తిరిగి కొనేవాళ్లు దొరకడం కష్టం. అంతకంటే బాధాకరం, అవి సరిగా పలక్కపోవడంతో మనిషి హాబీనే వదిలేయడం. పిల్లలకు సరదాకైతే సరే.

నాలుగోది, పాత సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషీన్. అమెరికాలోని గ్యారెట్ 2010లో తెచ్చిన ఏటీ ప్రో ఇందుకు మంచి ఉదాహరణ. ఇప్పటి లెక్కలో అది పాత టెక్నాలజీ. కానీ మామూలు డబుల్ ఏ బ్యాటరీలు నాలుగు వేస్తే నడుస్తుంది, 3 మీటర్ల నీటిలో మునిగినా ఫర్వాలేదు. ధర ఇప్పటికే పడాల్సినంత పడింది కాబట్టి ఇంకా పడేది తక్కువ. సముద్రపు తడి ఇసుకలో ఇబ్బంది పెడుతుంది, పొడి నేలమీద ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తుంది. ఇంట్లో రెండో మెషీన్‌గా, స్నేహితులకు ఇవ్వడానికి ఇలాంటిది ఉండటం నాకు ఇష్టం.

ఐదోది బంగారు ముక్కలు వెతికే పల్స్ ఇండక్షన్ మెషీన్లు (కరెంటును ఆగి ఆగి పంపి, తిరిగొచ్చే స్పందనను చదివేవి), వాటి తరహావి. ఇది వేరే ప్రపంచం. మైన్‌ల్యాబ్ జీపీఎక్స్ 5000, 2015లో వచ్చిన జీపీజెడ్ 7000 (దీనిది కాస్త వేరే పద్ధతి), 2021లో వచ్చిన జీపీఎక్స్ 6000 ధరలు నాణేల మెషీన్లకు అనేక రెట్లు. అయినా వాటికి రీసేల్ గట్టిగానే నిలుస్తుంది, దానికి కారణం బంగారమే. 2020 ఆగస్టులో మొదటిసారి ఔన్సు 2,000 డాలర్లు దాటిన బంగారం 2025 అక్టోబరులో 4,000 దాటింది. బంగారం పెరిగిన ప్రతిసారీ ఈ మెషీన్ల కోసం వెతికేవాళ్లు పెరుగుతారు, పాతవాటి ధర కూడా లేస్తుంది. అయితే బంగారం పడితే గిరాకీ కూడా పడుతుంది. అందుకే వీటిని పెట్టుబడిలా చూడవద్దని గట్టిగా చెబుతాను. బంగారం నిజంగా ఉన్న నేల, అక్కడ వెతకడానికి అనుమతి, ఏడాదిలో కొన్ని వారాల తీరిక, ఈ మూడూ ఉన్నవాళ్లకే ఇవి. నాణేల కోసం కొంటే నిరాశే. ఇనుమునూ మంచి లోహాన్నీ వేరు చేసి చెప్పడంలో పల్స్ ఇండక్షన్ బలహీనం, ప్రతి మేకునూ తవ్వాల్సి వస్తుంది. బరువు కూడా చూసుకోండి. జీపీజెడ్ 7000 మూడు కిలోలు దాటుతుంది, జీపీఎక్స్ 6000 రెండు కిలోల పైచిలుకు. రోజంతా ఊపే చేతికి ఆ కిలో తేడా బాగా తెలుస్తుంది.

అన్నట్టు, ఏ దారి పట్టినా ముందు మీరున్న చోట చట్టం ఏమంటుందో చూసుకోండి. ఐర్లాండ్ లాంటి దేశాల్లో పురావస్తువుల కోసం అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం.

కంపెనీ లేకపోతే వారంటీ లేదు

రీసేల్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మెషీన్‌నే చూస్తారు, వెనకున్న కంపెనీని చూడరు. అమెరికాలో 1980లో మొదలైన టెసోరో, మొదటి యజమానికి జీవితకాల వారంటీ ఇచ్చేది. 2018లో కంపెనీ మూతపడింది, వారంటీ దానితోనే పోయింది. 1950 నుంచి డిటెక్టర్లు చేసిన వైట్స్ 2020లో మూతపడింది. దాని ఆస్తుల్ని గ్యారెట్ కొనుక్కుంది కానీ పాత వైట్స్ మెషీన్లన్నిటికీ విడిభాగాలు ముందులా దొరకవు.

ఇలాంటప్పుడు రీసేల్ రెండు రకాలుగా నడుస్తుంది. టెసోరో మెషీన్లు తేలిక, వాటిలో సర్క్యూట్ సరళం, స్క్రీన్ లేనివే ఎక్కువ. వాటి శబ్దాన్ని ప్రేమించే అభిమానులున్నారు, కాబట్టి మంచి స్థితిలో ఉన్నవాటికి ఇప్పటికీ గిరాకీ ఉంది. అదే స్క్రీను, సాఫ్ట్‌వేరు, ప్రత్యేక బ్యాటరీ ఉన్న మెషీన్ అయితే, భాగాలు దొరకని రోజున దాని విలువ దాదాపు సున్నా. మూతపడిన బ్రాండ్ మెషీన్ కొంటే, అది పాడైన రోజు ఆ డబ్బు పోయినట్టేనని ముందే ఒప్పుకుని కొనండి.

వారంటీ రెండో యజమానికి బదిలీ అవుతుందా లేదా అన్నది బ్రాండ్‌ని బట్టి మారుతుంది. అమ్మేవాళ్ల మాట నమ్మకుండా సీరియల్ నంబరు తీసుకుని కంపెనీనే అడగండి. అడగడానికి ఒక రోజు పడుతుంది, అంతే.

సెకండ్ హ్యాండ్ మెషీన్‌ని చేతిలోకి తీసుకున్నప్పుడు

నేను మొదట చూసేది కాయిల్‌ని షాఫ్ట్‌కి బిగించే చెవుల్ని. అక్కడ వెంట్రుక మందం పగులున్నా రేపు విరుగుతుంది. కాయిల్ కొత్తది కొనాలంటే మెషీన్ ధరలో పెద్ద వాటాయే అవుతుంది. తర్వాత మెషీన్ ఆన్ చేసి, కేబుల్‌ని కాయిల్ దగ్గరా, కంట్రోల్ బాక్స్ దగ్గరా మెల్లగా వంచి చూస్తాను. కదిపినప్పుడల్లా శబ్దం వస్తే లోపల తీగ తెగుతున్నట్టే. కరెంటు తీగలకు, వైఫై పెట్టెలకు దూరంగా నిలబడి ఈ పరీక్ష చేయాలి, లేకపోతే మంచి మెషీన్ కూడా అరుస్తుంది.

చార్జింగ్ పిన్నుల్లో పచ్చటి మరకో తెల్లటి ఉప్పు పొడో కనిపిస్తే అది సముద్రంలో తిరిగి, కడగకుండా పడుకున్న మెషీన్. స్క్రీన్ లోపలి వైపు ఆవిరి మచ్చ ఉంటే, ఎంత తగ్గించినా నేను తీసుకోను. వాటర్‌ప్రూఫ్ అన్న మాట సీల్ కొత్తగా ఉన్నప్పటిది. అయిదేళ్ల రబ్బరు గట్టిపడి ఉంటుంది. పాత వాటర్‌ప్రూఫ్ మెషీన్‌ని వానను తట్టుకునేదిగా మాత్రమే లెక్కేసుకుని ధర మాట్లాడండి.

బ్యాటరీ దగ్గర చాలామంది మోసపోతారు. లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు వాడినా వాడకపోయినా బలం తగ్గుతుంది. అమ్మే మనిషి చార్జింగ్ మీదే పెట్టి చూపిస్తే సరిపోదు, చార్జర్ తీసేసి అరగంట నడిపించమనండి. ఆ అరగంటలో జేబులో తెచ్చుకున్న రెండు మూడు రకాల నాణేలు, ఒక ఇనుప మేకు వేర్వేరు దూరాల్లో ఊపి చూడండి. అదే నాణేనికి స్క్రీన్ మీద ప్రతిసారీ దగ్గర దగ్గరగా అదే నంబరు (ఏ లోహమో సూచించేది) రావాలి. బ్యాటరీ మార్చాల్సి వస్తే విడిగా దొరుకుతుందో లేదో, ఎంతవుతుందో ముందే తెలుసుకుని ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించి అడగండి. డ్యూస్ లాంటి వైర్‌లెస్ మెషీన్లలో కాయిల్ లోపల కూడా ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు.

నకిలీల దెబ్బ ఎంత పెద్దదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మైన్‌ల్యాబ్ మాతృసంస్థ కోడాన్ ఉద్యోగి ల్యాప్‌టాప్ 2011లో హ్యాక్ అయింది, డిజైన్లు బయటికి పోయాయి. నకిలీ మెషీన్లు ఆఫ్రికా బంగారు క్షేత్రాలను ముంచెత్తడంతో కంపెనీ తన అసలు మెషీన్ల ధరలు తగ్గించుకోవాల్సి వచ్చింది. 2014 జూన్‌తో ముగిసిన ఏడాదిలో దాని నికర లాభం 4.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 92 లక్షల డాలర్లకు పడిపోయింది. కంపెనీకే అంత నష్టమైతే, నకిలీ కొన్న మనిషికి తిరిగొచ్చేది ఏమీ ఉండదు. ఖరీదైన మోడల్ మూడో వంతు ధరకు వస్తోందంటే ఆగండి. సీరియల్ నంబరు కంపెనీ దగ్గర నమోదవుతుందా, అప్‌డేట్ ఉన్న మోడలైతే కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తిస్తుందా అని చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

అమ్మే రోజు కోసం కొన్న రోజునుంచే

అదనపు కాయిళ్లు, పిన్‌పాయింటర్ (తవ్విన గుంతలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చిన్న చేతి పరికరం), మంచి హెడ్‌ఫోన్లు అన్నీ మెషీన్‌తో కలిపి ఒకే ధరకు ఇచ్చేస్తే వాటికి పెట్టిన డబ్బు దాదాపు రాదు. విడివిడిగా అమ్మండి. ముఖ్యంగా పిన్‌పాయింటర్ ఏ బ్రాండ్ మెషీన్ ఉన్నవాళ్లకైనా పనికొస్తుంది కాబట్టి తేలిగ్గా పోతుంది. మెషీన్‌తో వచ్చిన అసలు కాయిల్ మాత్రం దానితోనే ఉండాలి.

లిథియం బ్యాటరీ ఉన్న వస్తువును విమానంలో పంపడానికి నిబంధనలున్నాయి, కాబట్టి దూరంగా ఉన్న కొనుగోలుదారుకి పంపే ముందు కొరియర్‌ని అడగండి. వాడని నెలల్లో బ్యాటరీని పూర్తిగా ఖాళీగా కానీ, నిండుగా కానీ వదలకుండా సగం చార్జింగ్‌తో చల్లటి చోట పెట్టండి. ఉప్పునీటిలో తిరిగిన రోజు మంచినీళ్లతో కడగందే నిద్రపోవద్దు.

ఎప్పుడు అమ్మాలి? మీ నేల తవ్వడానికి వీలయ్యే కాలం మొదలయ్యే ముందు. అందరూ మెషీన్లు పక్కన పెట్టే కాలంలో అమ్మకానికి పెడితే బేరాలు ఎక్కువ, ధర తక్కువ. ఆ కాలం కొనేవాళ్లది. ఇంకొకటి, మీ మోడల్‌కి వారసుడు వస్తున్నాడన్న వార్త వినిపిస్తే, అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లు ప్రకటన కోసం ఆగవద్దు. అమ్మే ఉద్దేశం లేనివాళ్లు ఆ వార్తను పట్టించుకోనక్కర్లేదు, వాళ్ల నాణేలు నేలలో అలాగే ఉంటాయి.

లోపం ఉంటే ప్రకటనలోనే రాసి ఫొటో పెట్టండి. నేను అమ్మినప్పుడు షాఫ్ట్ మీది గీతల్ని దగ్గరగా ఫొటో తీసి పెట్టాను. వచ్చిన మనిషి బేరమాడలేదు, చూసినట్టే ఉందన్నాడు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఒక తరం పాత మల్టీ ఫ్రీక్వెన్సీ మెషీన్. దాని పెట్టె, బిల్లు, వాడని స్క్రీన్ కవర్, మొదటి యజమాని రాసిచ్చిన రసీదు అటక మీద ఒకే సంచిలో ఉన్నాయి.